బడి సా

ఆ అయిదంతస్తుల భవనంలో లిఫ్టు పంచమంలో పాడుతుందని కనిపెట్టింది సరిగమ టీచరే. పదకొండేళ్ళ కిందట, మూడో అంతస్తులోని సంగీతం బడిలో చేరిన మొదటి రోజు, ఆవిడ బోర్డు మీద ‘ప’ అని రాయబోతుండగా గోడ అవతల లిఫ్టు కదిలింది. సుద్దముక్క అలాగే గాల్లో ఆపి, వినండి, నేను చెప్పకముందే చెప్పేసింది అంది పిల్లలతో. అప్పటినుంచి ఆ గదిలో పంచమం అంటే లిఫ్టే. దారి తప్పిన పిల్లలందరూ దాన్ని పట్టుకునే మళ్ళీ శ్రుతిలోకి వచ్చేవారు.

ఆవిడ చెవి అలాంటిది. గిన్నె కింద పడితే దాని స్వరం చెప్పేది. కుర్చీ జరిపినా, తలుపు కిర్రుమన్నా చెప్పేది. ఒకసారి గంభీరమైన మీటింగులో ప్రిన్సిపాల్ తుమ్మితే ‘పెద్ద గాంధారం’ అని పైకే అనేసి నాలుక కరుచుకుంది. ఆ చెవి పుట్టుకతో వచ్చిందే తప్ప సాధన చేసి తెచ్చుకున్నది కాదు. అయినా దాన్ని చూసుకుని ఆవిడకి లోలోపల బోలెడంత గర్వం. ఊరికే వచ్చినదాని మీదే మనిషికి ఎక్కువ మిడిసిపాటు, ఏం చేస్తాం.

ఆవిడ చెప్పేది పాట కాదు, పాటకి ముందు తెలియాల్సిన లెక్క. పిల్లలు దాన్ని థియరీ అని పిలిచి మొహం మాడ్చుకుంటారు. ఆవిడ గదిలో హార్మోనియం లేదు. గోడకి ఒక చెక్క, దాని మీద తెలుపూ నలుపూ రంగులతో గీసిన మెట్లు, అంతే. చప్పుడు చెయ్యని మెట్ల మీద బెత్తం ఆనించి ఆవిడ పాఠం చెప్పేది. పేర్లు ఏడు, చోట్లు పన్నెండు. సా, ప కదలవు. మిగతా అయిదింటికీ చిన్నదీ పెద్దదీ అని రెండేసి ఇళ్ళు. ఒక చోటు నుంచి బయల్దేరి వరసగా తెల్లమెట్లే ఎక్కితే శంకరాభరణం. ఆ మెట్లే, ఒక్కటి కూడా మార్చకుండా, రెండోదాన్ని సా అనుకుని మొదలుపెడితే ఖరహరప్రియ. మూడోదాన్ని అనుకుంటే తోడి. నవ్వుతున్న వరసే ఏడుస్తున్నట్టు వినిపిస్తుంది.

“మెట్లు మారలేదు. మీరు నిలబడ్డ చోటు మారింది. దీన్నే గ్రహభేదం అంటారు,” అనేది. ఆ మాట అన్నప్పుడల్లా పిల్లల కళ్ళలో ఒక చిన్న బెదురు కనిపించేది, ఆవిడకి అది చూడటం ఇష్టం.

ఆ బడిలో ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటి ఉంది, అదీ ఆవిడ పెట్టిందే. పాఠం జరుగుతున్నంతసేపూ సా మోగించే శ్రుతి పెట్టె ఒకటి ఉండేది; దాని స్వరం పెంచీ దించే మర మీది గుర్తులన్నిటి మీదా ఆవిడ ప్లాస్టరు ముక్కలు అంటించేసింది. గుర్తు చూసి శ్రుతి పెట్టుకునేవాళ్ళ చెవి బద్ధకిస్తుందని ఆవిడ వాదం. రోజూ పొద్దున్నే ఆవిడే వచ్చి, కళ్ళు మూసుకుని, మర తిప్పి, తన తలలో ఉన్న సా దగ్గర ఆపేది. అదే బడి సా. అర్ధసంవత్సరం పరీక్షలో మొదటి అంశం కూడా అదే: శ్రుతి పెట్టె ఆపేసి, ఏ ఆధారమూ లేకుండా, జ్ఞాపకం నుంచి బడి సా పాడి చూపించాలి. పాడలేనివాళ్ళు మళ్ళీ మొదటి తరగతికి.

ఇదంతా పదకొండేళ్ళు చక్కగా నడిచింది.

ఆ ఏడాది వానలు వెనకబట్టాక ఒక పొద్దున, ఆవిడ శ్రుతి పెట్టి బోర్డు వైపు తిరిగేసరికి గోడ అవతల లిఫ్టు కదిలింది. అది పంచమం కాదు. దానికి ఒక మెట్టు పైన, చిన్న ధైవతం. పదకొండేళ్ళు ఒకే మాట మాట్లాడిన మనిషి హఠాత్తుగా గొంతు మార్చినట్టు ఉంది. పిల్లలని పదినిమిషాలు కూర్చోబెట్టి వింది. ఎక్కినా దిగినా అదే ధైవతం, పైకి లాగుతున్న గొంతు.

మధ్యాహ్నం కింద గదిలో ఉండే భవనం మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన మంచివాడే, పైగా ఆవిడ చెవి సంగతి ఎరిగినవాడు. మెకానిక్‌ని పిలిపించాడు. అతను పైకెక్కి అంతా విప్పి చూసి, ఏమీ లేదన్నాడు. వారం తిరక్కుండా ఆవిడ మళ్ళీ వెళ్ళింది. మెకానిక్ మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఏమీ లేదన్నాడు. వెళ్తూ వెళ్తూ, లిఫ్టుకి కూడా మీ బడిలో ఒక సీటు ఇప్పించండి టీచరు గారూ, శ్రుతిలో పాడటం నేర్చుకుంటుంది అని నవ్వాడు. మేనేజరు నవ్వాపుకున్నాడు. ఆవిడకి తల కొట్టేసినట్టయింది.

అంతటితో పోలేదు. ఇంట్లో ఫ్రిజ్ గొంతు పెరిగింది. తలుపు గంట పెరిగింది. ఆవిడా చెల్లెలూ ఉండే ఆ రెండు గదుల్లో, స్నానాలగది కుళాయి కారే బొట్టు దగ్గరనుంచి అన్నీ ఒకరికొకరు చెప్పుకున్నట్టు ఒక మెట్టు పైకెక్కి కూర్చున్నాయి. ఎవరో కనిపించని చెయ్యి ఇంటి మర తిప్పుతోందని ఆవిడకి భయం పట్టుకుంది. చెల్లెలు తలుపు గంట నొక్కి చూసి, “అలాగే ఉంది కదక్కా,” అంది. చెల్లెలికి చెవి లేదులే అనుకుంది ఆవిడ.

ఆవిడ రెండో ఏడాది తరగతిలో గువ్వ అనే పిల్ల ఉండేది. పన్నెండేళ్ళది, గొంతు చిన్నది కాబట్టి ఆ పేరు. వాళ్ళమ్మకి అదే భవనం కింద, లిఫ్టు తలుపు పక్కనే, బటన్ల కొట్టు. గువ్వ ఎక్కువ మాట్లాడేది కాదు. తరగతిలో ఎవరు తప్పు పాడినా కనుబొమ్మ కొద్దిగా కదిపేది, అంతే. ఆ కనుబొమ్మని టీచరు ఎప్పుడో గమనించింది. తన చెవి లాంటి చెవి ఇంకొకటి ఆ గదిలో ఉందని తెలుసు. తెలిసి ముచ్చటపడిందో, కొంచెం గుచ్చుకుందో ఆవిడకే సరిగ్గా తెలియదు.

ఒకరోజు గ్రహభేదం పాఠంలో ఆవిడ, మన లిఫ్టు కూడా ధైవతంలోకి వెళ్ళిపోయింది చూశారా అంది. పిల్లలు అవునవునన్నారు, వాళ్ళకీ అలాగే వినిపిస్తోంది. గువ్వ లేచి నిలబడింది.

“లిఫ్టు అక్కడే ఉంది టీచర్. సా కిందికి దిగింది.”

ఆవిడకి ఒళ్ళు మండింది. మెకానిక్ నవ్వు, మేనేజరు నవ్వాపుకున్న మొహం, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి. కూర్చో అంది. ఆ ఒక్క మాట చాలా నెమ్మదిగా అంది, అందుకే పిల్లలందరూ తలలు దించుకున్నారు.

పదిరోజుల తర్వాత పరీక్ష. శ్రుతి పెట్టె ఆపేశారు. ఒక్కొక్కరే వచ్చి జ్ఞాపకం నుంచి సా పాడారు. రోజూ విన్నదే గొంతులో ఉంటుంది కాబట్టి అందరూ ఆవిడ తలలోని సా మీదే వాలారు, అందరూ పాసయ్యారు. గువ్వ వచ్చి కళ్ళు మూసుకుని పాడింది. ఒక మెట్టు పైన పాడింది. ఆవిడ మళ్ళీ పాడమంది. మళ్ళీ అక్కడే. మూడోసారి కూడా సూది గుచ్చినట్టు అక్కడే.

పొరపాటున పాడేవాళ్ళు మూడుసార్లూ ఒకే చోట పొరపడరు. ఈ సంగతి ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినావిడకి తెలియదా? తెలుసు. అయినా ప్రగతి కార్డు తీసి, చెవి లేదు అని రాసి సంతకం పెట్టింది. రాస్తున్నప్పుడు మనసులో ఎక్కడో కాస్త కలుక్కుమంది, పట్టించుకోలేదు.

గువ్వ వాళ్ళమ్మ ఆ కార్డు చూసి గొడవేమీ చెయ్యలేదు. చెవే లేదన్నాక చదివించి ఏం లాభమని పిల్లని మాన్పించేసింది. సాయంత్రాలు కొట్లో కూర్చోబెట్టింది. అయిదో అంతస్తులో బట్టల కుట్టు కార్ఖానా ఉంది. బటన్ల పెట్టెలు మోసుకుని గువ్వ రోజుకి ఆరేడుసార్లు ఆ లిఫ్టులో పైకీ కిందికీ తిరిగేది. పాడటం మాత్రం మానేసింది. ఇంట్లో కూడా ఎవరూ వినలేదట.

పరీక్షలయిన వారానికి టీచరు పాత సామాన్లు సర్దుతుంటే వాళ్ళ నాన్న శ్రుతి ఫోర్కు దొరికింది. రెండు కొమ్ముల ఉక్కు ముక్క, కొడితే ఎప్పుడూ ఒకే స్వరం పలుకుతుంది. ఆవిడ చిన్నప్పుడు ఆయన దాన్ని మోకాలికి కొట్టుకుని ఆవిడ చెవి దగ్గర పెట్టి, ఇదేనమ్మా సా, దీన్ని మర్చిపోకు అనేవాడు. ఆవిడ తమాషాకి మోకాలికి కొట్టుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

సా కాదు, దాని పై మెట్టు, చిన్న రిషభం వినిపించింది.

మళ్ళీ కొట్టింది. అదే. ఫ్రిజ్ పెరగొచ్చు, తలుపు గంట పెరగొచ్చు. ఉక్కు ఎలా పెరుగుతుంది? ఆవిడ ఫోర్కు పట్టుకుని మంచం మీద కూర్చుంది. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది. లిఫ్టూ ఎక్కడిదక్కడే ఉంది. కదిలింది ఆవిడ. గువ్వ చెప్పింది ఇదే, ఇంతకన్నా తక్కువ మాటల్లో.

చెవి డాక్టరు దగ్గరికి చెల్లెలికి కూడా చెప్పకుండా వెళ్ళింది. ఆయన పరీక్షలు చేసి, వయసుతో లోపలి చెవి బిగువు మారుతుందని, మామూలు మనుషులకైతే ఇది తెలియను కూడా తెలియదని, మీలాంటి చెవి ఉన్నవాళ్ళకే ఇలా పట్టుబడుతుందని చెప్పాడు. బాగవుతుందా అని అడిగింది. ఆగితే సంతోషించండి అన్నాడు.

మర్నాటినుంచి ఆవిడ దొంగతనం మొదలుపెట్టింది. పిల్లలకన్నా అరగంట ముందొచ్చి, తలుపేసుకుని, ఫోర్కు మోగించి, పెట్టె సా దానితో కలిసేదాకా మర తిప్పేది. సా మళ్ళీ పాత చోటికి ఎక్కింది. పిల్లలకి గొంతులు లాగుతున్నాయి, ఇవాళ శ్రుతి పెంచారా టీచర్ అని అడిగారు. చలికాలం, గొంతులు బిగుసుకుంటాయి అని అబద్ధమాడింది. లిఫ్టు మళ్ళీ పంచమంలోకి వచ్చేసింది. ఆవిడ మాత్రం విన్న ప్రతిదాన్నీ ఒక మెట్టు తగ్గించి లెక్కేసుకుంటూ, పరాయి ఊళ్ళో చేతిసంచి గట్టిగా పట్టుకుని నడిచేదానిలా రోజులు గడిపింది.

గువ్వ కార్డు దిద్దాలి. రేపు దిద్దుదామనుకునేది. కార్డు దిద్దితే ఎందుకు దిద్దావని అడుగుతారు. చెబితే ఆ గది పోతుంది, ఆ చెక్క మెట్లు పోతాయి, సరిగమ టీచరు అన్న పేరు పోతుంది. లిఫ్టు దగ్గర గువ్వ ఎదురుపడితే మెట్లెక్కి వెళ్ళిపోయేది. సిగ్గుతో చచ్చిపోయేది, కానీ కార్డు దిద్దలేదు.

ఆ తర్వాత ఒక సోమవారం లిఫ్టు పంచమం కొంచెం దిగింది.

పూర్తి మెట్టు కాదు, ఒక వెంట్రుకవాసి. చివర్లో ఒక గరగర. మంగళవారం ఇంకొంచెం. చెవి మళ్ళీ కదులుతోందన్నమాట, ఈసారి కిందికి. డాక్టరు ఆగితే సంతోషించండన్నది ఇందుకే. ఇంకెంత జరుగుతుందో, ఎక్కడ ఆగుతుందోనని నాలుగు రోజులు అన్నం సయించలేదు. మేనేజరు దగ్గరికి వెళ్ళాలన్న ఆలోచన రాకపోలేదు. ఆ నవ్వు గుర్తొచ్చి ఆగిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ స్వరాల మధ్య దూరాల గురించి పాఠం చెబుతోంది. బెత్తం సా మీద నుంచి ప మీదికి జరుపుతూ, “మీరు సా ఎక్కడ పెట్టుకున్నా సరే, పేర్లు మారతాయి గానీ రెండు స్వరాల మధ్య దూరం మారదు. దూరం అబద్ధం చెప్పదు,” అంది.

అని, నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయింది. పెట్టె మోగుతోంది. గోడ అవతల లిఫ్టు ఎక్కుతోంది. రెండూ ఒకే చెవిలోంచి లోపలికి వస్తున్నాయి. చెవి జారితే రెండూ కలిసి జారాలి. పెట్టె పొద్దున ఫోర్కుతో కలిపినది, కదల్లేదు. వాటి మధ్య దూరం తగ్గింది. ఇది చెవి కాదు. లిఫ్టే.

చెక్కకి బెత్తం ఆనించి, పిల్లలని కదలొద్దని చెప్పి, మెట్ల మీదుగా కిందికి పరుగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పరుగెత్తడం ఆ భవనంలో ఎవరూ చూడలేదు.

మేనేజరు ఓపిగ్గా విన్నాడు. సోమవారం మెకానిక్ మామూలు తనిఖీకి ఎలాగూ వస్తాడు కదా అన్నాడు. ఆవిడ ఇక దాచలేదు. ముందు రెండుసార్లూ తప్పు లిఫ్టుది కాదు, నా చెవిది, డాక్టరు కూడా చెప్పాడు, కానీ ఇప్పుడు మాత్రం నిజం అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“చెవి పాడైందని మీరే అంటున్నారు. ఆ చెవి మాట విని లిఫ్టు ఆపమంటున్నారు. నేను పైవాళ్ళకి ఏమని చెప్పను? ఇంకెవరికైనా వినిపించిందా?”

“గువ్వని అడగండి. ఆ పిల్లకి వినిపిస్తుంది.”

“బటన్ల కొట్టు పిల్లా? చెవి లేదని మీరే కదమ్మా రాసిచ్చారు.”

ఆయన ఎగతాళి చెయ్యలేదు, మామూలుగానే అన్నాడు. ఆ భవనంలో ఆవిడ మాటకి సాక్ష్యం చెప్పగలిగిన చెవి ఒకే ఒక్కటి ఉంది. దాన్ని చెల్లకుండా చేసిందీ తనే, సంతకం పెట్టి మరీ.

బయటికొచ్చేసరికి లిఫ్టు ముందు గువ్వ రెండు చేతుల మీదా గడ్డం దాకా పెట్టెలు పెట్టుకుని నిలబడి ఉంది. తలుపు తెరుచుకుంది. పిల్ల ఒక కాలు లోపలికి వేసింది. ఆవిడ పిల్ల భుజం పట్టి వెనక్కి లాగింది. పై పెట్టె జారి పడి బటన్లు నేలంతా చెల్లాచెదురయ్యాయి. వాచ్‌మన్ కూర్చునే స్టూలు ఆవిడ లాక్కొచ్చి తలుపు మధ్యలో వేసి దాని మీద కూర్చుంది. తలుపు మూసుకోబోయి, ఆవిడకి తగిలి, తెరుచుకుంది. మళ్ళీ మూసుకోబోయింది.

జనం మూగారు. కార్ఖానా వాళ్ళు పైనుంచి అరుస్తున్నారు. వాచ్‌మన్ బతిమాలుతున్నాడు. మేనేజరు వచ్చాడు. గువ్వ వాళ్ళమ్మ కొట్లోంచి వచ్చి, పిల్ల చదువు పోగొట్టింది చాలక ఇప్పుడు దాని పని కూడా చెడగొడతారా టీచరు గారూ అని అడిగింది. ఆవిడ పిల్లవైపే చూసింది.

“గువ్వా, ఈ లిఫ్టు ఇప్పుడు ఎక్కడ పాడుతోంది?”

పిల్ల నేల మీది బటన్ల వైపు చూసింది. “నాకు చెవి లేదు కదా టీచర్.”

“నేను రాసింది తప్పు. ఆ రోజు నువ్వు పాడిందే బడి సా. పోయింది నా చెవి. నా చెవి పోయిందని ఒప్పుకోలేక నీకు లేదని రాశాను.” అందరి ముందూ అంది.

గువ్వ తలెత్తింది.

“సోమవారం నుంచి దిగుతోంది టీచర్. నిన్న ఇంకా దిగింది. ఇవాళ పొద్దుట ఎక్కినప్పుడు లోపల ఏదో రాసుకుంటున్నట్టు కూడా వినిపించింది.”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“చెప్తే తప్పంటారని.”

“తెలిసి కూడా రోజూ ఎక్కావా?”

“అమ్మ పంపింది కదా.”

బటన్ల కొట్టామె చేతిలో ఉన్న కత్తెర పక్కన పెట్టేసి పిల్లని దగ్గరికి లాక్కుంది. మేనేజరు ఫోను తీశాడు.

మెకానిక్ విసుక్కుంటూనే వచ్చాడు. మెట్లెక్కి పైకి వెళ్ళాడు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. ఆవిడ స్టూలు మీంచి లేవలేదు. అతను దిగి వచ్చినప్పుడు మొహంలో నవ్వు లేదు. పైన చక్రం ఇరుసు దగ్గర పగిలిందని, అది ఒక పక్కకి ఒరిగి తాళ్ళని కోసేస్తోందని చెప్పాడు. ఎన్నాళ్ళు ఆగేదని మేనేజరు అడిగితే, సోమవారం దాకా ఆగేది కాదని మాత్రం అన్నాడు. పనిచేయదు అన్న బోర్డు తానే వేలాడదీశాడు.

సాయంత్రానికల్లా భవనమంతా టీచరు చెవిని పొగిడింది. చెవంటే ఆవిడదే అన్నారు. ఆవిడ ఆ రాత్రే ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాసింది, అందులో డాక్టరు మాటా, గువ్వ కార్డు సంగతీ ఏదీ వదల్లేదు. ఏడాది చివరిదాకా పాఠం చెప్పమన్నారు, పరీక్షలు మాత్రం ఇంకొకరికి అప్పజెప్పారు. గువ్వ తిరిగి తరగతికి వచ్చింది. మునుపటిలా కనుబొమ్మ కదిపేది కాదు, తప్పు వినిపించినప్పుడు కిటికీ వైపు చూసేది. ఆ అలవాటు మాన్పించడం టీచరు వల్ల కాలేదు.

ఏడాది చివర ఒక పొద్దున ఆవిడ ఎప్పటిలా ముందే వచ్చి ఫోర్కు మోగించింది. వినపడింది చిన్న రిషభం కాదు. పెద్దది. నాన్న ఇచ్చిన సా ఆవిడ నుంచి ఇంకో మెట్టు దూరం జరిగిపోయింది. ఫోర్కుని రుమాల్లో చుట్టి సంచిలో పెట్టేసుకుంది. పిల్లలు వచ్చేదాకా చెక్క మెట్ల ముందు ఊరికే కూర్చుంది.

గువ్వ రాగానే మర చూపించి, ఇవాళ్టినుంచి సా నువ్వు పెట్టు అంది. పిల్ల భయంగా చూసి, దగ్గరికి వచ్చి, కళ్ళు మూసుకుని, ప్లాస్టరు అంటించిన మరని కొంచెం కొంచెంగా తిప్పి ఒక చోట ఆపింది. గోడ అవతల కొత్త చక్రంతో లిఫ్టు కదిలింది. పిల్ల వెనక్కి తిరిగి ఆవిడ మొహంలోకి చూసింది.

“సరిగ్గా ఉందా టీచర్?”

ఆవిడకి అది సా కాదు. దగ్గరదగ్గరగా కూడా సా కాదు. పుట్టినప్పటినుంచీ తలలో ఉన్న ఇల్లు వదిలి బయట రోడ్డు మీద నిలబడ్డట్టు ఉంది.

“సరిగ్గా ఉంది,” అంది ఆవిడ.